తీసేసిన అధ్యాయం

ఓదెలు సార్‌ను ఎవరైనా ఏదైనా ప్రశ్న అడిగితే ఆయన ముందు చెప్పులు వెతుక్కునేవాడు. జవాబు ఇంట్లో కూర్చుంటే దొరకదని ఆయన నమ్మకం. అడిగినవాళ్లు ఆయన వెంట నడవాల్సిందే. ఒకసారి ఒక కుర్రకవి వచ్చి మాటల పొదుపు అంటే ఏమిటని అడిగితే, ఎండాకాలం నీళ్ల ట్యాంకరు వచ్చే వాడకు తీసుకుపోయి, బిందెల వరసలో గంటసేపు నిలబెట్టి తీసుకొచ్చాడట. ఆ తరువాత ఆ కవి రాయడం తగ్గించాడని కొందరంటారు, బాగా రాయడం మొదలుపెట్టాడని కొందరంటారు. రెండూ ఒకటే కావచ్చు.

సార్ కోరుట్ల దగ్గర ఒక పెద్ద ఊళ్లో తెలుగు పంతులుగా చేసి రిటైరయ్యాడు. ఏడు నవలలు రాశాడు. ఒక్క ప్రచురణకర్త గడప కూడా తొక్కలేదు. ఏడింటినీ తనే అచ్చు వేయించుకుని, గుడ్డసంచిలో మోసుకుని, వారం వారం అంగడిలో మిరపకాయల కుప్పకూ పగ్గాలమ్మేవాడికీ నడుమ గోనెపట్టా పరిచి అమ్మేవాడు. మిరపకాయలు కొన్నవాళ్లు తుమ్ముకుంటూ వచ్చి నవల కొనుక్కుపోయేవారు. అది చూసి, నవల రాసి తామే అచ్చు వేసుకోవాలని ఉన్నవాళ్లు ఒక్కరొక్కరే ఆయన చుట్టూ చేరారు. ఆయన కోరి గురువు కాలేదు. వాళ్లు వదలకపోతే అయ్యాడు.

ఆ శిష్యుల్లో భూమేశ్వర్ ఒకడు. పశువుల దవాఖానలో కాంపౌండరు, నలభై రెండేళ్ల మనిషి. పగలు బర్రెలకూ ఎడ్లకూ సూదులు వేయడం, తీరిక దొరికినప్పుడు మందుల గదిలో స్టూలు మీద కూర్చుని రాసుకోవడం అతని పని. నవల పేరు 'గాలికుంటు'. ఒక వానాకాలం ఊరి పశువులకు గాలికుంటు రోగం తగిలి, నోళ్లు పుండ్లు పడి, గిట్టలు చీలి, సగం కొట్టాలు ఖాళీ అయిన కథ అది. ఎనిమిదేళ్లు పట్టింది. రాయడం పూర్తయింది, అచ్చు వేయించాలి అనుకున్న రోజు నుంచి అతనికి తిప్పలు మొదలయ్యాయి.

ఎట్లాగంటే, అచ్చు వేసుకోవడం ఎట్లాగో తెలుసుకుందామని ఫోను తెరిచాడు. ఫోన్లో ఒకాయన సలహా చెప్పాడు. ఆ ఒకాయన కింద ఇంకొకాయన ఉన్నాడు. ఆయన కింద ఒకావిడ. ఆ తరువాత 'మీ నవలకు మీరే మారాజు' అని పట్నంలో రెండు రోజుల శిక్షణ పెడితే సెలవు పెట్టి పోయి వచ్చాడు. విన్నదల్లా ఒక నోటుబుక్కులో ఆకుపచ్చ సిరాతో అంకెలు వేసి రాసుకున్నాడు. మొదటి పేజీలోనే శవం పడాలి. ప్రేమ లేని నవల ఉప్పు లేని పప్పు. మాండలికం వద్దు, పక్క జిల్లావాడు కొనడు. మాండలికమే ఉండాలి, లేకపోతే మట్టివాసన రాదు. అట్ట మీద వెనక్కి తిరిగి నిలబడిన ఆడమనిషి బొమ్మ వేస్తే బాగా పోతుంది. ముందు అట్ట చూపించి ఆర్డర్లు పట్టు, పుస్తకం సంగతి తరువాత. సంఘటన లేని అధ్యాయం ఉంటే దయ చూపకుండా తీసెయ్.

భూమేశ్వర్ మొండివాడు కాడు. అదే అతని కష్టం. చెప్పినవన్నీ చేశాడు. మొదటి పేజీలో శవం కోసం పశువుల డాక్టరును చంపేశాడు. తీరా అయిదో అధ్యాయంలో ఎడ్లకు సూదులు వేయడానికి డాక్టరు కావాల్సి వచ్చింది. అప్పుడు ఆ డాక్టరుకు కవల తమ్ముణ్ణి పుట్టించి అదే ఉద్యోగంలో పెట్టాడు. ప్రేమ కోసం లైన్‌మన్ కూతుర్ని తెచ్చాడు. చివరికి పదిహేడో అధ్యాయం దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. దాంట్లో సంఘటన ఏదీ లేదు. ఒక ముసలామె, చచ్చిపోయిన ఆమె బర్రె, అంతే. పట్నంలో శిక్షణ ఇచ్చినాయన దాన్ని పైపైన చూసి, "ఇది కథను ముందుకు తోస్తుందా?" అని అడిగాడు. మొత్తం చదివిన ఒక మిత్రుడు, "బాగనే ఉన్నది గని, ఏం గాలేదు గదరా దీంట్ల" అన్నాడు. భూమేశ్వర్ దాన్ని తీసేశాడు. తీసేసి పారేయలేక, టీకా మందుల ప్లాస్టిక్ కవర్లో పెట్టి సంచి అడుగున దాచుకున్నాడు. నవల రాయాలని ఇంకా అనుకోకముందే, ఏ సలహా వినకముందే, టీకా కార్డుల వెనక ఒక్క ఊపున రాసింది అదొక్కటే. దాన్ని తీసేసిన దగ్గర్నుంచి, ఈనిన బర్రె ముందు నుంచి దూడను తోలుకుపోయినట్టు నవల మొత్తం అతనికి అరుస్తూ వినిపించేది.

సోమవారం ప్రెస్సులో ఇవ్వాలి. "ఇయ్యకుంటివా, పెండ్లికార్డుల సీజన్ మొదలైతది. మల్ల నాలుగు నెల్లదాక నీ నవలను ముట్ట" అని ప్రెస్సాయన ముందే చెప్పాడు. ఆదివారం పొద్దున భూమేశ్వర్ రాతప్రతి, నోటుబుక్కు, ప్లాస్టిక్ కవరు మూడూ సంచిలో వేసుకుని ఓదెలు సార్ ఇంటికి వచ్చాడు.

"సార్, ఎవరి మాట వినాలె?" అన్నాడు, కూర్చోకుండానే.

సార్ నోటుబుక్కు అడిగి తీసుకుని, ఒక్కొక్క పేజీ తిప్పుతూ నింపాదిగా చదివాడు. మధ్య మధ్య ఆయన పొట్ట కదిలింది, కాని నవ్వు పైకి రాలేదు.

"మంచి మంచియి జమ చేసినవు. వీటిల్ల ఎన్ని చేసినవు?"

"అన్ని రాసుకున్న సార్."

"రాసుకున్నది కనబడుతనే ఉన్నది. చేసినయి ఎన్ని?"

"శానా చేసిన సార్. డాక్టరును గూడ సంపిన."

సార్ ఒక పేజీ మీద వేలు పెట్టాడు. అక్కడ, 'రాసింది పైకి చదివి నలుగురికి వినిపించు' అని ఉంది.

"గిది?"

"గది చెయ్యలే సార్. గది అందరు చెప్పేదే గదా. అండ్ల కొత్తేమున్నది?"

సార్ నోటుబుక్కు మూసి అతని చేతిలో పెట్టి, మంచం కింద చెప్పుల కోసం వంగాడు.

రెండు వీధులు దాటితే నర్సవ్వ ఇల్లు. ఇంటి ముందు రేకుల కప్పు కింద ముగ్గురు ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చేస్తున్నారు. నర్సవ్వ అరవై దాటిన మనిషి, ముప్పై ఎనిమిదేళ్లుగా అదే పని. చూపు ఎటున్నా చేయి ఆగేది కాదు. నానబెట్టి కత్తిరించిన తునికాకు ఎడమచేతిలోకి వచ్చేది, కుడిచేయి చాట మూలనున్న తంబాకు చిటికెడు తీసి దాంట్లో పరిచేది, ఆకు చుట్టుకునేది, దారం పడేది, మూతి ముడుచుకునేది. ఇరవై అయిదు కాగానే కట్ట కట్టి గంపలో పెట్టి తరువాతి ఆకు అందుకునేది. ఆమె పక్కన గంగు, నోరూ చేయీ సమానంగా నడిచే మనిషి. ఆ పక్కన గంగు కోడలు సుజాత, పదో తరగతి దాకా చదివిన పిల్ల.

"రాండ్రి సార్, రాండ్రి" అంది గంగు. "ఎవలు సార్ గీ తమ్మి? మా బర్రెకు సూదేసిన కాంపౌండర్ సాబ్ లెక్కనే ఉన్నడు. మాది తన్నింది ఈయననే గదా?"

"నన్నేనక్కా" అని ఒప్పుకున్నాడు భూమేశ్వర్.

"ఎక్కడ తన్నిందో గూడ నాకు యాదున్నది" అంది గంగు. సుజాత చాటలోకి వంగి నవ్వు దాచుకుంది.

"ఈయన నవల రాసిండు. మీరు బీడీలు చేసుకుంటనే ఉండుండ్రి, ఈయన సదువుతడు" అన్నాడు సార్. ఆయన తంబాకు సంచి పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు.

భూమేశ్వర్‌కు భయం వేసింది. దొడ్లో ఎద్దును పడగొట్టి కట్టేసినప్పుడు కూడా అంత భయం వేయలేదు. అయినా రాతప్రతి తీసి మొదటి అధ్యాయం ఎత్తుకున్నాడు. మొదటి పేజీలోనే డాక్టరు శవం పడింది. కత్తెర్లు ఆకును కత్తిరిస్తున్నాయి, దారాలు తిరుగుతున్నాయి. ఎవరి చేయీ తడబడలేదు. తరువాత అయిదో అధ్యాయం చదివాడు. కవల తమ్ముడు ఎడ్లకు సూదులు వేశాడు.

"ఆగు తమ్మీ" అంది గంగు. "సచ్చిన డాక్టరు మల్ల ఎట్లొచ్చిండు?"

"గాయన కాదక్కా, గాయన తమ్ముడు. కవలలు."

"ఇద్దరు డాక్టర్లేనా?"

"ఇద్దరు డాక్టర్లే."

"ఇద్దరు మన ఊరి దవాఖానకే వచ్చిండ్రా? మనకు ఒక్క డాక్టరే వారానికి రెండు రోజులు వస్తడు! ఏ సీరియల్లకెల్లి ఎత్తుకొచ్చినవు తమ్మీ గీయన్ను?"

భూమేశ్వర్ చెవులు ఎర్రబడ్డాయి. లైన్‌మన్ కూతురు ప్రేమ దగ్గరికి వచ్చేసరికి సుజాత, "గా పిల్లకు ఫోను లేదా అన్నా? చెట్టు కింద నిలబడి ఎదురుసూసుడు ఏంది?" అని అడిగింది. "పెండ్లి పెట్టు తమ్మీ. పెండ్లి పెట్టి, భోజనాల కాడ లొల్లి పెట్టు. అందరు కూసోని వింటరు" అంది గంగు. భూమేశ్వర్ చదవడం ఆపి, నోటుబుక్కు తీసి, ఆకుపచ్చ సిరాతో 'పెండ్లి, లొల్లి' అని రాసుకున్నాడు. సార్ చూపు చదివేవాడి మీద లేదు, వినేవాళ్ల ముఖాల మీద కూడా లేదు. చాటల మీద ఉంది.

ఎండ రేకుల మీద నుంచి జరిగింది. చాయ్ వచ్చింది, తాగారు. సార్ గ్లాసు కింద పెట్టి, "సంచిల ఇంకోటి ఉన్నట్టున్నది?" అన్నాడు.

"అది తీసేసింది సార్."

"తీసేసిందానికి నోరు లేదా? సదువు."

భూమేశ్వర్ ప్లాస్టిక్ కవరు విప్పాడు. టీకా కార్డుల అంచులు నలిగి ఉన్నాయి. ఇష్టం లేని మనిషిలా, గొంతు ఎత్తకుండా, త్వరగా అయిపోతే చాలునన్నట్టు చదివాడు.

ముత్తవ్వ అనే ముసలామె బర్రె గాలికుంటుతో చచ్చిపోతుంది. ఊరవతల గుంత తీసి, సున్నం చల్లి పూడ్చేస్తారు. మరునాడు కోడి కూయగానే ముత్తవ్వ లేస్తుంది. చెంబు కడుక్కుని కొట్టంలోకి పోతుంది. గుంజ ఉంది, పలుపుతాడు ఉంది, బర్రె లేదు. ముత్తవ్వ గుంజ పక్కన గొంతుక్కూర్చుని, చెంబు రెండు మోకాళ్ల నడుమ పెట్టుకుని, పాలు పిండడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ కూర్చుంటుంది. తరువాత లేచి, పాల చుక్క తగలని చెంబును బూడిదతో తోమి, గోడ మీద బోర్లిస్తుంది. రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. కోడలు చూస్తుంది, ఏమీ అనదు. నాలుగో రోజు తెల్లవారుజామున ముత్తవ్వ లేచేసరికి పొయ్యి మీద వేణ్ణీళ్లు కాగుతుంటాయి. పొదుగు కడగడానికి కోడలు పెట్టినవి. అంతటితో అధ్యాయం అయిపోతుంది.

చదవడం ఆపి భూమేశ్వర్ తల ఎత్తాడు. గంగు కత్తెర ఆకు మధ్యలో ఆగి ఉంది. సుజాత దారం ఉండ చేతిలో పట్టుకుని వీధి వైపు చూస్తోంది. అతను ఆశగా నర్సవ్వ వైపు చూశాడు. నర్సవ్వ చేయి మాత్రం ఎప్పటిలాగే ఆడుతోంది. ఆకు, చుట్టు, దారం, మూతి. ఒక్కసారి కూడా ఆగలేదు.

"ఎట్లున్నదవ్వా?" అన్నాడు, ఊరుకోలేక.

నర్సవ్వ చాటలోంచి కళ్లెత్తలేదు. "తీసెయ్ బిడ్డా దాన్ని" అంది. "ముసల్దాని చెంబు ముచ్చట ఎవలు సదువుతరు? డాక్టర్లనే పెట్టు. ఇద్దరు సాలకుంటే ముగ్గుర్ని పెట్టు."

భూమేశ్వర్ నోటుబుక్కు తెరిచాడు. 'తీసెయ్. నర్సవ్వ కూడా' అని రాసుకున్నాడు. రాసుకుని, టీకా కార్డులను కవర్లో పెట్టి, ఈసారి కవరు మూతికి దారంతో ముడి కూడా వేశాడు. సరే, తేలిపోయింది. పట్నంలో శిక్షణ ఇచ్చినాయన అదే అన్నాడు, మిత్రుడు అదే అన్నాడు, బీడీల నర్సవ్వా అదే అంది. ముగ్గురు ముగ్గురే. ఇంక ప్రెస్సుకు పోవడమే మిగిలింది.

"పోదామా సార్?" అన్నాడు లేచి.

"ఏడికి? గంపలు అందుకో. కార్ఖానకు పోవాలె వీళ్లు" అన్నాడు సార్, నర్సవ్వ గంపను తనే ఎత్తుతూ. ఎత్తి, ఒక క్షణం చేతిలో ఊపి చూసి, "తేలికున్నదే నర్సవ్వా ఇయ్యాల" అన్నాడు.

"మీకు బలమొచ్చింది సార్" అంది నర్సవ్వ.

కార్ఖానా అంటే పెద్ద కట్టడమేమీ కాదు. వీధి చివర ఒక పొడుగాటి గది, ముందు మూడు మెట్లు. ఊళ్లో చేసిన బీడీలన్నీ అక్కడ టేకేదారు చూసి తీసుకుంటాడు. టేకేదారు రహీం భాయి చాప మీద కూర్చుని కట్టలు విప్పి చూస్తున్నాడు. అతని వేళ్లకు బీడీ అబద్ధం చెప్పలేదని పేరు. ఆకు పగిలినా, మూతి ఊడినా, తంబాకు తక్కువైనా వేళ్లకు తెలిసిపోతుంది, ఆ బీడీ పక్కనున్న డబ్బాలో పడుతుంది. కాని నర్సవ్వ కట్టలను అతను ఎప్పుడూ విప్పేవాడు కాదు. పైపైన చేయి వేసి, "ఖుదా మెషీను లెక్క చేసిండు నిన్ను" అని పక్కన పెట్టేసేవాడు. ముప్పై ఎనిమిదేళ్లలో ఆమె చేసిన ఒక్క బీడీ ఆ డబ్బాలో పడలేదు. ఆమెకు ఉన్న గర్వమల్లా అదే, ఊరంతా దాన్ని ఒప్పుకునేది.

ఆ రోజు కూడా గంప మీద పైకట్ట తీసి, చేయి వేసి పక్కన పెట్టబోయాడు. పెట్టబోయి ఆగాడు. మళ్లీ నొక్కాడు. కనుబొమ్మలు ముడిచి కట్ట విప్పాడు. ఒక బీడీ తీసి వేళ్ల మధ్య దొర్లించాడు. అది అతని వేళ్ల మధ్య అప్పడంలా అణిగిపోయింది.

"నర్సవ్వా!" అన్నాడు. "గిదేంది?"

"ఏమైంది?"

రహీం భాయి దారం తెంపి ఆకు విప్పి చూపించాడు. ఆకు లోపల ఆకే ఉంది. తంబాకు రేణువు లేదు. రెండోది విప్పాడు. రెండోదీ అంతే. మూడోది, నాలుగోది. ఆ కట్టలో తొమ్మిది బీడీలు పద్ధతిగా చుట్టి, దారం కట్టి, మూతి ముడిచి ఉన్నాయి, లోపల ఏమీ లేదు.

"ఎవల కోసం చేసినవు నర్సవ్వా?" అన్నాడు రహీం భాయి చాలా మర్యాదగా. "బీడీ తాగుడు మానేసినోళ్ల కోసమా?"

గదిలో ఉన్న ఆడవాళ్లంతా ఒక్కసారి గొల్లుమన్నారు. గంగు నవ్వలేక గోడకు ఆనుకుంది. "హజ్‌కు పోయేటప్పుడు రహీం భాయి పట్టుకపోతడు తియ్యి, పొగ రాదు, పాపం రాదు!" అంది. ఎవరో వెనక నుంచి, "మా ఆయనకు ఓ కట్ట ఇయ్యి నర్సక్కా, దగ్గు తగ్గుతది" అని కేక వేశారు. రహీం భాయి కూడా గడ్డం కింద చేయి పెట్టుకుని నవ్వాడు.

నర్సవ్వ ఒక్కతే నవ్వలేదు. ఆ తొమ్మిదింటినీ చేతిలోకి తీసుకుని, తనవి కావేమో అన్నట్టు తిప్పి తిప్పి చూసింది. ముడులు తనవే. మూతులు తనవే. కింది కట్ట తీసి నొక్కింది, గట్టిగా ఉంది. దాని కిందిది, గట్టిగా ఉంది. పైన ఉన్న ఆ ఒక్క కట్టే, అందరికంటే చివర కట్టిన కట్ట.

భూమేశ్వర్‌కు అప్పుడు గుర్తుకొచ్చింది. చాయ్ తరువాత ఆమె గంపలో పెట్టింది ఆ ఒక్క కట్టే. అది చేస్తున్నప్పుడు తను చదివింది... అతను సార్ వైపు చూశాడు. సార్ గోడ మీద ఉన్న కంపెనీ క్యాలెండరు చూస్తున్నాడు, దాంట్లో చాలా విశేషాలు ఉన్నట్టు.

నర్సవ్వ గిరుక్కున భూమేశ్వర్ వైపు తిరిగింది. "నీ కత పాడుగాను!" అంది. "ముప్పై ఎనిమిదేండ్ల సంది ఒక్క బీడీ వాపసు రాలే నాది. మా అత్త సచ్చిననాడు రాలే, పెద్దబిడ్డ కాన్పు నాడు రాలే. నువ్వు వచ్చి కూసుంటివి, నా ఇజ్జత్ తీస్తివి!"

"తప్పైందవ్వా" అన్నాడు భూమేశ్వర్. ముఖం మాత్రం తప్పు చేసినవాడి ముఖంలా లేదు. ఎంత బిగబట్టినా నవ్వు పెదవుల చివర్ల నుంచి కారిపోతోంది. అది చూసి నర్సవ్వకు ఇంకా మండింది.

"నవ్వుతున్నవా? నవ్వు. రహీమూ, గుప్పెడు తంబాకు ఇటెయ్యి. నేను వీటిని గిట్లనే ఇడిచి పోయేదాన్ని గాదు."

తంబాకు కాగితంలో పోసుకుని ఆమె మెట్ల మీద కూర్చుంది. ఒక్కొక్క బీడీ దారం విప్పి, ఆకు తెరిచి, తంబాకు పరిచి, మళ్లీ చుట్టడం మొదలుపెట్టింది. గంగు, సుజాత గంపలు అప్పజెప్పి, నవ్వుకుంటూ ఇంటి దారి పట్టారు. సార్, భూమేశ్వర్ మెట్ల కింద నిలబడ్డారు. మూడు బీడీలు అయ్యాయి. నాలుగోది అయింది. అయిదోది విప్పి, ఆకు అరచేతిలో పరుచుకుని, నర్సవ్వ ఆగింది. బీడీ మధ్యలో ఆమె చేయి ఆగడం భూమేశ్వర్ చూసింది అదే మొదటిసారి.

"అవు గని బిడ్డా" అంది, తల ఎత్తకుండా. గొంతులో కోపం లేదు. "గా ముత్తవ్వ మల్ల బర్రెను కొన్నదా?"

భూమేశ్వర్ తన సంచి వైపు చూశాడు. ఎనిమిదేళ్లుగా ముత్తవ్వ అతని దగ్గరే ఉంది. వేణ్ణీళ్ల దగ్గర ఆమెను వదిలేసి వచ్చాడు, ఆ తరువాత ఆమె ఏం చేసిందో ఎన్నడూ వెనక్కి తిరిగి చూడలేదు. డాక్టరు చావు, కవల తమ్ముడు, లైన్‌మన్ కూతురు, అందరూ కలిసి ఆమెను నవల్లోంచి తోసేశారు. కోడలు పెట్టిన వేణ్ణీళ్లు చూసి ముత్తవ్వ ఏడ్చిందా, కోపగించుకుందా, ఆ నీళ్లతో ముఖం కడుక్కుందా? అతనికి తెలియదు. అంతలోనే ఏదో తెలుస్తున్నట్టూ ఉంది. చెంబు ఈసారి గోడ మీద బోర్లించలేదు, కోడలి చేతికి ఇచ్చింది... ఇచ్చి ఏమంది?

"ఏంది, నీకే తెల్వదా?" అంది నర్సవ్వ.

"తెలుసుకుంటనవ్వా" అన్నాడు భూమేశ్వర్.

"జెల్ది తెలుసుకో. బర్రె లేని ఇల్లు ఎన్ని దినాలు ఉంటది" అని, ఆమె మళ్లీ తంబాకు అందుకుంది.

తిరుగుదారిలో భూమేశ్వర్ సంచిలో చేయి పెట్టి, ప్లాస్టిక్ కవరు మూతికి తను వేసిన ముడిని గోటితో గిల్లుతూ నడిచాడు. ముడి గట్టిగా పడింది, ఊడలేదు. చివరికి పళ్లతో కొరికి తెంపాడు. సార్ చూసీ చూడనట్టు నడిచాడు. వీధి మలుపు తిరిగాక భూమేశ్వర్‌కు ఇంకా ఒక అనుమానం మిగిలింది. పొద్దున తెచ్చుకున్న ప్రశ్న అది. ఊరికే ఇంటికి తీసుకుపోవడం అతనికి ఇష్టం లేదు.

"సార్, తీసెయ్ అన్నది గూడ ఆమెనే గదా. మరి రేపు ప్రెస్సాయనకు ఏం చెప్పాలె? అసలు ఎవరి మాట వినాల్నో మీరు చెప్పనే లేదు."

ఓదెలు సార్ నడక ఆపలేదు.

"పెండ్లికార్డులు అచ్చేసుకోమను" అన్నాడు. నాలుగడుగులు వేశాక, తనలో తను అనుకుంటున్నట్టు ఇంకో మాట అన్నాడు. "నీకు చెప్పెటోళ్లు శానామంది ఉన్నరు, భూమేశ్. మల్ల ఏమైందని అడిగింది ఆమె ఒక్కతే."